మ్యూజ్‌స్కోర్ 4లో కార్డ్ బొమ్మలు ఎగుడుదిగుడుగా వస్తుంటే

మ్యూజ్‌స్కోర్ అంటే కంప్యూటర్‌లో స్వరలిపి రాసే సాఫ్ట్‌వేర్. అందులో రాసిన షీట్‌లో గిటార్ కార్డ్ (chord) బొమ్మలు, అంటే తీగల మీద వేళ్లు ఎక్కడ పెట్టాలో చూపేవి, ఒకే వరుసలో రావట్లేదని, సగం మౌస్‌తో లాగి చూశానని మీరు అడిగారు. కారణం ఆటోమేటిక్ ప్లేస్‌మెంట్, అంటే ఒకదాని మీద ఒకటి పడకుండా సాఫ్ట్‌వేరే వాటిని జరిపే ఏర్పాటు. మీ కడప చర్చి క్వాయర్ షీట్‌లో పై స్వరం వచ్చిన చోటల్లా అది గిటార్ కార్డ్ బొమ్మను పైకి నెడుతోంది. అలాగని దాన్ని ఆఫ్ చేయొద్దు అన్నా, చేస్తే బొమ్మలు స్వరాల మీద పడతాయి.

1. ఒక బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి, అలాంటివన్నీ సెలెక్ట్ చేయండి.

2. కంట్రోల్ ఆర్ నొక్కండి, బొమ్మలు వాటి అసలు చోటుకు వెళ్తాయి. అందరూ వదిలేసేది ఇదే. మౌస్‌తో లాగిన బొమ్మ ఎంత జరిపారో ఆ లెక్కనే పట్టుకుని ఉంటుంది, తర్వాత స్టైల్ మార్చినా మాట వినదు. మీరు సగం బొమ్మలు లాగేశారు కదా!

3. ఫార్మాట్, స్టైల్, ఫ్రెట్‌బోర్డ్ డయాగ్రమ్స్‌లోకి వెళ్లి, అన్నిటికన్నా ఎత్తైన స్వరం కూడా తగలనంత పైకి పొజిషన్ పెంచండి. నెట్టే అవసరమే రాదు.

కార్డ్ పేర్లు విడిగా తేలుతుంటే, బొమ్మను సెలెక్ట్ చేసి కంట్రోల్ కె నొక్కి పేరు టైప్ చేయండి. తర్వాత కడప ఏడు రోడ్ల కూడలి దగ్గర ప్రింట్‌కు పీడీఎఫ్ ఇవ్వండి.