ఒకే బోరు నీళ్లు తాగినా అందరి ఎముకలూ ఒకేలా లేవు

"ఆరోగ్యం మన అలవాట్ల మీదే ఆధారపడుతుందంటారు. మరి ఒకే ఊళ్లో ఒకే నీళ్లు తాగేవాళ్లలో కొందరికే జబ్బు ఎందుకు ముదురుతుంది?" అని ఒకరు నన్ను అడిగారు. మాది నల్గొండ జిల్లా, మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ల మధ్యే పెరిగాను కాబట్టి, ఆ నీళ్ల వల్ల పళ్లకు మచ్చలు పడి ఎముకలు వంగిపోయే ఫ్లోరోసిస్ జబ్బు గురించే చెప్తాను. అలవాట్ల పాత్ర తప్పకుండా ఉంది. కానీ ఏ అలవాటు ఎవరికి సాధ్యమవుతుందో తేల్చేది ఎక్కువగా వాళ్ల కాళ్ల కింది నేల, చేసే పని, ఇంట్లో ఉన్న పాడి. నేను చూసినంతలో ఇదే నిజం.

మొదట నేల సంగతి. మా వైపు భూమి కింద ఉన్నది గ్రానైట్. ఆ రాతిలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. కాల్షియం తక్కువగా ఉండి క్షారగుణం ఉన్న నీళ్లయితే మరీ ఎక్కువగా దిగుతుంది. వానలు తక్కువ, చెరువులు నిండవు. చేదబావులు ఎండిపోయాక అందరికీ బోర్లే దిక్కయ్యాయి, అవి ఏటికేడు లోతుకు పోయాయి. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన దేశ ప్రమాణం ప్రకారం 1 మిల్లీగ్రాము వరకే మంచిది, వేరే నీళ్లు దొరకని చోట మాత్రమే 1.5 దాకా ఒప్పుకుంటారు. మా చుట్టుపక్కల ఆ హద్దు దాటిన బోర్లు ఎన్నో. ఫ్లోరైడ్‌కు రంగు ఉండదు, వాసన ఉండదు. నీళ్లను చూసి ఎవరూ కనిపెట్టలేరు.

ఇప్పుడు ఒకే బోరు దగ్గర బిందెలు నింపుకున్న రెండిళ్ల గురించి చెప్తాను. మా పెద్దమ్మ కూలికి పోయేది. ఎండలో రోజంతా కలుపు తీసే మనిషి, నీడపట్టున ఉండే మనిషి కంటే చాలా ఎక్కువ నీళ్లు తాగుతుంది. తాగిన ప్రతి చెంబుతోనూ ఫ్లోరైడ్ పెరుగుతుంది. తిండి ఏమిటంటే అన్నం, పచ్చిపులుసు, ఉన్న రోజు పప్పు. పాలు ఛాయ్‌లోకి మాత్రమే. పైగా వరుస కాన్పులు. కడుపుతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు తల్లి ఒంట్లోని కాల్షియం బిడ్డకు పోతుంది, దాన్ని పూడ్చే తిండి ఆమెకు ఎన్నడూ దొరకలేదు. నలభై దాటేసరికి మెడ తిప్పాలంటే మనిషి మొత్తం తిరగాల్సి వచ్చేది. తర్వాత నడుం వంగింది, ఇక లేవలేదు.

పక్కింటివాళ్లకు బర్రెలుండేవి, పెరట్లో జామచెట్టు ఉండేది. పెరుగు లేకుండా వాళ్లకు ముద్ద దిగదు. తిండిలోని కాల్షియం పేగుల్లోనే ఫ్లోరైడ్‌ను పట్టుకుని, కొంత ఒంటికి పట్టకుండా చేస్తుంది. సి విటమిన్ కూడా మేలు చేస్తుందని డాక్టర్లు చెబుతారు. ఆ ఇంట్లోనూ పిల్లల పళ్లకు గార పట్టింది, పెద్దాయనకు మోకాళ్ల నొప్పులు వచ్చాయి. కానీ ఎవరూ మంచాన పడలేదు. ఆ పాలూ పెరుగూ వాళ్ల 'మంచి అలవాటు' అని, మా పెద్దమ్మది 'అశ్రద్ధ' అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది.

చింతపండు మాట కూడా చెప్పాలి. చింతపండు తింటే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోతుందని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు గమనించారు. అంటే మా పెద్దమ్మ పచ్చిపులుసు ఆమెకు ఎంతో కొంత మేలే చేసి ఉంటుంది. అలాగని దాన్నే మందు అనుకోకండి. నీళ్లు మారకుండా తిండి ఒక్కటే కాపాడలేదు.

ఒంటి తీరు కూడా లెక్కలోకి వస్తుంది. ఒంట్లో చేరిన ఫ్లోరైడ్ బయటికి పోయేది ప్రధానంగా కిడ్నీల ద్వారానే. అవి బలహీనంగా ఉంటే లోపలే నిలిచిపోతుంది. ఎదిగే పిల్లల ఎముకలు దాన్ని పెద్దవాళ్ల ఎముకల కంటే ఎక్కువగా పట్టుకుంటాయి. పళ్ల మచ్చలు కూడా పళ్లు తయారయ్యే చిన్న వయసులోనే పడతాయి, తర్వాత ఎంత తోమినా పోవు. బడిలో ఫొటో దిగేటప్పుడు మేమంతా నోరు మూసుకునే నిలబడేవాళ్లం. సంబంధాలు చూసేటప్పుడు ఆడపిల్లలను నవ్వించి మరీ పళ్లు చూసేవాళ్లు. ఆ నామోషీ కూడా జబ్బులో భాగమే అని నేను నమ్ముతాను.

ఇక అన్నిటికంటే పెద్ద విషయం, నీళ్లు ఎవరికి ముందు అందుతాయన్నది. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో, ఇప్పటి ప్రకాశం జిల్లా ప్రాంతంలో, ఈ జబ్బు గురించి 1937లోనే వైద్యులు రాశారు. అంటే కారణం తెలియక మేం వంగిపోలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. నీళ్ల గోడు దేశానికి వినిపించాలని జల సాధన సమితి పిలుపుతో అంతమంది నిలబడ్డారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. 2004లో కృష్ణా నీళ్లు మా జిల్లా మీదుగానే పైపుల్లో హైదరాబాద్ చేరాయి. పట్నానికి నీళ్లు వద్దని నేను అనను, నేనూ ఇప్పుడు అక్కడే ఉంటున్నాను. కానీ ఆ పైపులు పోయిన జిల్లాలోనే ఎన్నో పల్లెలు ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు బోరు నీళ్లే తాగాయి.

మా జిల్లా పేరుతో 'నల్గొండ టెక్నిక్' అని ఒక పద్ధతి ఉంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) దాన్ని రూపొందించింది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించి, పైన తేరిన నీళ్లు వాడుకోవాలి. ఆఫ్రికా దేశాల్లో కూడా వాడారు. మంచి పద్ధతే. కాకపోతే రోజూ నీళ్లను బట్టి మోతాదు చూసుకోవాలి, కలపాలి, తేరేదాకా ఆగాలి. పొద్దున్నే కూలికి పోవాల్సిన ఆడవాళ్లకు ఆ టైమ్ ఎక్కడిది?

మిషన్ భగీరథ వచ్చాక నది నీళ్లు ఊళ్లోని మా ఇంటి నల్లాకు వచ్చాయి. ఆ తర్వాత మా ఊళ్లో పుట్టిన పిల్లల పళ్లు తెల్లగా ఉన్నాయి. అది చూసినప్పుడల్లా నాకు సంతోషం. పెద్దవాళ్లకు మాత్రం వంగిన ఎముక మళ్లీ నిటారుగా కాదు.

మీరూ ఇలాంటి ప్రాంతంలో ఉంటే, నీళ్లు మరగబెడితే సరిపోతుందనుకోవద్దు. మరిగిస్తే నీళ్లు తగ్గి ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. మామూలు క్యాండిల్ ఫిల్టర్ కూడా దాన్ని ఆపదు, ఆర్‌ఓ చాలావరకు తీసేస్తుంది. గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌లో బోరు నీళ్లను టెస్టు చేయించండి. నల్లా రాని రోజు చాలామంది తాగడానికి క్యాన్ తెచ్చుకుంటారు కానీ, ఎసరు మాత్రం బోరు నీళ్లతోనే పెడతారు. అన్నం, పప్పు ఉడికేటప్పుడు ఆ నీళ్లలోని ఫ్లోరైడ్ కూడా కంచంలోకే వస్తుంది. డబ్బులకు ఇబ్బందైతే స్నానానికి, బట్టలకు బోరు నీళ్లు వాడుకుని, వంటకు కూడా మంచినీళ్లే వాడండి. ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్లు, చిన్నపిల్లలు ఉంటే పాలు, పెరుగు, రాగులు ముందు వాళ్లకే పెట్టండి.