చూపు తగ్గాక మా అబ్బకు కనిపించిన పిల్లలు

మీరు అడిగింది ఇది: “చూసేది కళ్ళు కావు, మెదడే అంటారు. మన ఎదుట కనిపించే ప్రపంచం మెదడు అల్లుకున్నదేనా? ఇది పుస్తకాల్లో మాటేనా, ఎవరి ఇంట్లోనైనా అనుభవమైందా?”

మా ఇంట్లో అయింది. అందుకే కాస్త పొడవుగా రాస్తున్నాను.

నేను కడపలో ఇంటర్ పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. ఏటా బోర్డు మీద కంటి బొమ్మ గీసి భాగాల పేర్లు రాయిస్తాను. అయినా చూపు అంటే ఏమిటో నాకు నేర్పింది మా అబ్బ, అంటే మా నాన్నకు నాన్న. సిద్ధవటం మండలం మాధవరంలో యాభై ఏళ్ళకు పైగా గుంట మగ్గంలో కూర్చుని చీరలు నేసిన మనిషి.

డెబ్బై ఆరో ఏట ఒకరోజు, మగ్గం మీద నిలువుగా సాగే పడుగు దారాలు నడిమధ్యలో వంకర తిరుగుతున్నాయన్నాడు. ఆ దారాలను విడివిడిగా పట్టి ఉంచే అచ్చులో ఏదో తేడా వచ్చిందనుకుని దాన్ని విప్పించి వేరేది వేయించాడు. వంకర పోలేదు. బొటనవేలితో తడిమితే దారం తిన్నగానే ఉంది, చూస్తే వంగి ఉంది. వేలిని నమ్మాలా, కంటిని నమ్మాలా అని తేల్చుకోలేక మూడు వారాలు ఎవరికీ చెప్పలేదు. ఆ మూడు వారాలు తలచుకుంటే ఇప్పటికీ నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది. తిన్నని గీత వంకరగా కనిపించడమంటే కంటి లోపలి వెనుక పొర, రెటీనా, మధ్యలో ఉండే పసుపు చుక్క దెబ్బతింటున్నదనడానికి గుర్తు. ఆ జబ్బులో ఒక రకానికి వెంటనే కంట్లో ఇంజెక్షన్లు మొదలుపెడితే ఉన్న చూపును చాలావరకు నిలబెట్టవచ్చు. మేము వెళ్ళేసరికి ఆలస్యమైంది. ఏడాదిన్నరలో రెండు కళ్ళలోనూ నడిమి చూపు పోయింది. పక్క చూపు మిగిలింది. వాకిట్లోకి ఎవరో వచ్చారని తెలిసేది, వచ్చింది ఎవరో తెలిసేది కాదు.

ఆ తర్వాత ఒక సాయంత్రం, ముసురు పట్టి ఉంది. అబ్బ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నేను కాఫీ తెచ్చి ఇస్తే గ్లాసు పట్టుకుని, “అమ్మీ, ఆ పిల్లలు ఇందాకటి నుంచి నిలబడే ఉన్నారు. లోపలికి రమ్మని చెప్పు” అన్నాడు. వాకిట్లో తులసికోట, దాని పక్కన నీళ్ళ తొట్టి తప్ప ఏమీ లేవు. ఎంతమంది అని అడిగాను. ఐదుగురట. పెద్దవాడు పసుపుపచ్చ చొక్కా వేసుకున్నాడట. నేను గ్లాసు తీసుకోవడానికి వంగినప్పుడు నా వైపు తిరిగి, “నీ ముఖం నాకు మసకగా ఉంది. వాడి చొక్కా గుండీలు మాత్రం లెక్కపెట్టగలను” అన్నాడు.

మరో రోజు గోడ మీద చీర అంచు కనిపించింది. చిన్న చిన్న గళ్ళు, వాటి మధ్యలో మెరుపు, చూస్తుండగానే పైకి పాకేది. “ఇంత సన్నని పని నేనెప్పుడూ నేయలేదు” అని మా నాన్నతో అన్నాడు.

ఇంట్లో భయం పుట్టింది. అవ్వ దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది. ఆమెను నేను తప్పు పట్టను, ఆమెకు తెలిసిన మందు అదే. నాకు ఇప్పటికీ కోపం వచ్చేది ఆసుపత్రి మీద. పేరు రాయను. అక్కడ ఐదు నిమిషాలు కూడా వినకుండా మతి చలించడం మొదలైందని తేల్చేసి నిద్రమాత్రలు రాసిచ్చారు. మాత్రలకు అబ్బ పగలంతా మగతగా పడి ఉండేవాడు. పిల్లలు మాత్రం కనిపిస్తూనే ఉన్నారు. పదిహేను రోజుల తర్వాత, ఇప్పుడేమీ కనిపించడం లేదని చెప్పాడు. మేము సంతోషించాం. అది అబద్ధమని, మళ్ళీ ఆసుపత్రికి తీసుకెళ్తారని భయపడి చెప్పాడని నాకు చాలా కాలానికి తెలిసింది.

అసలు సంగతి తేల్చింది కళ్ళ పరీక్షకు మామూలుగా వెళ్ళినప్పుడు కలిసిన ఒక కంటి డాక్టరు. ఆమె తనంతట తానే అడిగారు: “పెద్దాయనా, లేనివి ఏమైనా కనిపిస్తున్నాయా? చాలామందికి కనిపిస్తాయి.” ఆ రెండో వాక్యం విన్నాక అబ్బ నోరు విప్పాడు. వాళ్ళు మాట్లాడతారా అని అడిగారు. లేదు. ఏదైనా శబ్దం, వాసన? లేదు. వాళ్ళు నిజంగా ఉన్నారని అనిపిస్తుందా? మొదట్లో అనిపించింది, ఇప్పుడు లేదు. ఎందుకని? “వాళ్ళ నీడ నేల మీద పడదమ్మా. వానలో నిలబడినా తడవరు.”

దీని పేరు చార్లెస్ బానే సిండ్రోమ్. బానే జెనీవాలో ప్రకృతి శాస్త్రవేత్త. తన తాత షార్ల్ లులాన్‌కు ముసలితనంలో చూపు తగ్గాక మనుషులు, పక్షులు, బండ్లు, భవనాలు కనిపించడం గురించి 1760లో రాశాడు. ఆ తాతకు మతి చక్కగా ఉంది, కనిపించేవి నిజం కావని ఆయనకు తెలుసు. మాధవరం అరుగు మీద మా అబ్బ చెప్పినదానికీ ఆ మాటలకూ తేడా లేదు. అబ్బ నేతగాడు కాబట్టి అంచులు కనిపించాయని నేను అనుకున్నాను. డాక్టరు కాదన్నారు. మగ్గం ముఖం చూడనివాళ్ళకు కూడా గళ్ళు, జాలీలు, ఇటుక గోడల్లాంటి వరుసలు కనిపిస్తాయట. మెదడు వెనుక భాగంలో చూపుకు సంబంధించిన తొలి మజిలీలో గీతలను, అంచులను పట్టే కణాలు ఉన్నాయి. వాటిని కనిపెట్టినందుకే హ్యూబెల్, వీజల్ 1981లో నోబెల్ బహుమతిలో భాగం పొందారు. కంటి నుంచి కబురు రాక ఖాళీగా ఉన్న ఆ కణాలు తమంతట తాము పనిచేయడం మొదలుపెడితే కనిపించేవి గళ్ళే.

ఇంక మీ ప్రశ్నకు వస్తాను. కంట్లో పడిన బొమ్మ ఉన్నదున్నట్టు మెదడుకు చేరుతుందని మనలో చాలామంది అనుకుంటాం. లెక్క చూస్తేనే అది కుదరదు. ఒక్కో కంట్లో వెలుగును పట్టే కణాలు సుమారు 12 కోట్లకు పైనే ఉన్నాయి. కంటి నుంచి మెదడుకు వెళ్ళే నాడిలో తీగలు సుమారు 10 లక్షలు. అంటే కబురు కంటిలోనే కుదించుకుపోతుంది. పైగా అది దారిలో, మెదడు లోపలి భాగమైన థాలమస్ దగ్గర ఆగి వెళ్తుంది. అక్కడికి కంటి నుంచి వచ్చే తీగలకన్నా మెదడు పైపొర నుంచి కిందికి దిగివచ్చేవే ఎక్కువ. కన్ను చెప్పేదాకా మెదడు ఊరికే కూర్చోదు, ఎదుట ఏముండవచ్చో ముందే అంచనా వేసి కంటి మాటతో సరిపోల్చుకుంటుంది. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్స్ 19వ శతాబ్దంలోనే, చూపు అంటే మనకు తెలియకుండా మనలో జరిగే ఒక అనుమానం అన్నాడు. అనుమానం అంటే మన తర్కశాస్త్రంలో ఉన్న అర్థంలో: పొగను చూసి నిప్పు ఉందని తేల్చుకోవడం.

మీరే ఇప్పుడు చేసి చూడవచ్చు. సన్న గళ్ళ లుంగీ ఒకటి మంచం మీద పరవండి. దాని మీద రెండు చింతగింజలను ఎడమ ఒకటి, కుడి ఒకటి, ఎనిమిది సెంటీమీటర్ల దూరంలో పెట్టండి. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో ఎడమ గింజనే చూస్తూ ముఖాన్ని మెల్లగా దగ్గరకు తెండి. సుమారు ముప్పై సెంటీమీటర్ల దగ్గర కుడి గింజ మాయమవుతుంది. అప్పుడు ఆ గింజ బొమ్మ, నాడి కంటి నుంచి బయటికి వెళ్ళే చోట పడుతుంది. అక్కడ వెలుగును పట్టే కణాలు లేవు, దాన్నే అంధచుక్క అంటాం. ఇంతవరకు పాఠ్యపుస్తకంలో ఉంటుంది. నేను ఏళ్ళ తరబడి చెప్పి వదిలేసింది కూడా ఇంతవరకే. గింజ పోయిన చోట ఏముందో చూడండి. నల్లటి రంధ్రం ఉండదు. లుంగీ ఉంటుంది! అక్కడ మీ కన్ను చూడని బట్టను మెదడు నేసి పెట్టింది. పుట్టిన నాటి నుంచి మీ రెండు కళ్ళలోనూ ఈ పని జరుగుతూనే ఉంది.

అబ్బకు పోయింది గింజంత చోటు కాదు, చూపు నడిమి భాగం మొత్తం. మెదడు అక్కడ కూడా ఖాళీ వదల్లేదు. డాక్టరు చెప్పింది విని అబ్బ కాసేపు ఆలోచించి, “అంటే పడుగు తలలోనే పట్టి ఉందన్నమాట. కన్ను పేక తెచ్చి ఇచ్చేది. ఇప్పుడు నాడె ఖాళీగా తిరుగుతున్నా మగ్గం ఆగలేదు” అన్నాడు. పేక అంటే అడ్డదారం, నాడె దాన్ని పడుగులో అటూ ఇటూ మోసుకెళ్ళేది. నేను తరగతిలో ఇప్పుడు ఈ మాటే చెబుతున్నాను.

ఇది ముసలితనానికో జబ్బుకో పరిమితం కాదు. 2004లో అమెరికాలోని బోస్టన్ పరిశోధకులు ఒక ప్రయోగం గురించి రాశారు. చూపు బాగున్న 13 మందికి ఐదు రోజులు కళ్ళకు గంతలు కట్టారు. వాళ్ళలో 10 మందికి లేనివి కనిపించాయి. కొందరికి మెరుపులు, కొందరికి ముఖాలు, భవనాలు. అంతకు ముందు 1998లో లండన్‌లో డొమినిక్ ఫిచ్ బృందం, అబ్బలాంటి వాళ్ళకు దృశ్యాలు కనిపిస్తున్న సమయంలోనే మెదడును స్కాన్ చేసింది. రంగులు కనిపిస్తున్నవాళ్ళలో రంగులను గ్రహించే భాగమే చురుగ్గా ఉంది. కాబట్టి “అంతా నీ ఊహ” అని వాళ్ళను కసరడం అన్యాయం. మెదడు లెక్కలో వాళ్ళు చూస్తున్నారు.

తాడును చూసి పాము అనుకున్న కథ ఈ చర్చలో అందరూ చెబుతారు. అక్కడ కనీసం తాడైనా ఉంది. అబ్బకు తాడు కూడా లేదు.

చెవి సంగతీ ఇంతే, ఒక్క ముక్కలో చెబుతాను. 1976లో మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు పరిశోధకులు చూపించారు: ‘బ’ అనే ధ్వని వినిపిస్తూ, ‘గ’ అంటున్న పెదవులను చూపిస్తే చాలామందికి ‘డ’ అని వినిపిస్తుంది. అక్కడ ఎవరూ ‘డ’ అనలేదు. సంగతి తెలిశాక కూడా అలాగే వినిపిస్తుంది.

ఇదంతా చదివి “అయితే ప్రపంచమంతా మాయే” అనేవాళ్ళతో నేను ఒప్పుకోను. మెదడు అంచనా వేస్తుంది, నిజమే. ఆ అంచనాను క్షణక్షణం దిద్దేది కన్ను, చెవి, చర్మం. దిద్దేవి ఉన్నాయి కాబట్టే మనం రోడ్డు దాటగలుగుతున్నాం. అబ్బ విషయంలో దిద్దే కన్ను పోయింది, అంచనా పగ్గం తెంచుకుంది. అయినా ఆయన వేలితో తడిమాడు, నీడ కోసం వెతికాడు, వాన పడుతుంటే తడుస్తున్నారా లేదా అని చూశాడు. వేరే దారుల్లో సాక్ష్యం తెచ్చుకుని తన మెదడు అంచనాను తానే దిద్దుకున్నాడు. ఇంతకన్నా శాస్త్రీయంగా ఆలోచించిన మనిషిని నేను చూడలేదు. ఆయనకు మతి చలించిందన్నారు.

మీ ఇంట్లో చూపు తగ్గిన పెద్దవాళ్ళు ఉంటే దయచేసి మీరే ముందు అడగండి. వాళ్ళు తమంతట తాము చెప్పరు. పిచ్చి అంటారన్న భయం గొంతు నొక్కేస్తుంది. దృశ్యాలు మాత్రమే కనిపిస్తూ, అవి నిజం కావని వాళ్ళకు తెలిస్తే కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళండి. మాటలు కూడా వినిపిస్తున్నా, కనిపించేవి నిజమేనని వాదిస్తున్నా, మరుపు, వణుకు, తికమక ఉన్నా నరాల డాక్టరుకు తప్పక చూపించాలి. కారణం వేరే ఉండవచ్చు. చీకటిలో, మసక వెలుగులో, ఒంటరిగా ఊరికే కూర్చున్నప్పుడు ఇవి ఎక్కువవుతాయి. లైటు వేయడం, తల కదపకుండా చూపును అటూ ఇటూ కొన్నిసార్లు తిప్పడం, కనిపించినదాని వైపు చెయ్యి చాచడం అబ్బకు పనిచేశాయి. అన్నిసార్లూ కాదు.

డాక్టరు దగ్గర నుంచి వచ్చిన రాత్రే అవ్వ తాయెత్తు తానే విప్పేసింది. మర్నాటి నుంచి పొద్దున్నే గ్లాసు చేతికిస్తూ అడిగేది: “ఏమయ్యా, ఈరోజు ఎంతమంది వచ్చారు?” ఒకరోజు ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారన్నాడు. ఏ రంగు చీరలని అడిగింది. ఒకటి వంగపండు రంగు, ఒకటి చిలకాకుపచ్చ, అంచు మాత్రం రెంటికీ ఒకటేనని చెప్పాడు. ఎంత వెడల్పు అంచు అని అవ్వ అడిగితే, గ్లాసు పక్కన పెట్టి రెండు చేతులూ ఎత్తి గాలిలో కొలిచి చూపించాడు.