డిసేబిలిటీ డబ్బులు రాకపోతే హ్యాండిక్యాప్ పార్కింగ్ ఇవ్వరా?

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటాం. మా నాన్నగారికి 71 ఏళ్లు, గ్రీన్‌కార్డు ఉంది. గుండె జబ్బు మనిషి. పైకి బాగానే కనిపిస్తారు కానీ, కారు దిగి షాపు గుమ్మం చేరేలోపు రెండుసార్లు ఆగాలి. కారులో తగిలించే హ్యాండిక్యాప్ పార్కింగ్ ప్లకార్డుకు అప్లై చేద్దామంటే, ‘సోషల్ సెక్యూరిటీ డిసేబిలిటీ వచ్చేవాళ్లకే ఇస్తారు’ అంటున్నారు ఫ్రెండ్స్. ఆయనకు అది రాదు. కారు కూడా నడపరు. ఇండియా నుంచి సదరం సర్టిఫికెట్ తెప్పించాలా?

జవాబు: మీ ఫ్రెండ్స్ రెండు వేర్వేరు సంగతులను కలిపేశారు. సోషల్ సెక్యూరిటీ వాళ్లు చూసేది మనిషి ఉద్యోగం చేయగలడా లేదా అని. పైగా ఆ డిసేబిలిటీ సొమ్ము (ఎస్ఎస్‌డీఐ) రావాలంటే ఇక్కడ కొన్నేళ్లు పనిచేసి పన్ను కట్టి ఉండాలి. ప్లకార్డు ఇచ్చేది డీఎంవీ, అంటే రాష్ట్ర వాహనాల శాఖ. దానికి కావలసింది నడకలో ఇబ్బంది ఎంత అన్నదే. రోజూ ఆఫీసుకు వెళ్లే సాఫ్ట్‌వేర్ ఇంజినీరుకు కూడా మోకాళ్లు సహకరించకపోతే ఇస్తారు.

గుండె జబ్బు విషయంలో చట్టం ఒక కొలత పెట్టింది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ లెక్క ప్రకారం అది క్లాస్ 3 లేదా 4 అయి ఉండాలి. క్లాస్ 3 అంటే కూర్చుంటే హాయిగానే ఉంటుంది, మామూలుకన్నా తక్కువ పనికే ఆయాసమో అలసటో వస్తుంది. మీరు రాసింది చూస్తే అలాగే అనిపిస్తోంది కానీ, తేల్చాల్సింది డాక్టరే.

అసలు చిక్కు కూడా అక్కడే. మన పెద్దవాళ్లు డాక్టరు ‘ఎలా ఉన్నారు’ అనగానే ‘బానే ఉందండీ’ అనేస్తారు. ఫైల్లో అదే ఎక్కుతుంది. రేపు డాక్టర్ల లైసెన్సులు చూసే మెడికల్ బోర్డు అడిగితే డాక్టరు తన సంతకానికి ఆధారం చూపించాలి కాబట్టి, అలాంటి ఫైలు పెట్టుకుని సంతకానికి వెనకాడతారు. ఈసారి మీరూ లోపలికి వెళ్లండి. ఎంత దూరానికి ఆగుతున్నారో, ఆగినప్పుడు ఏమవుతోందో ఉన్నదున్నట్టు చెప్పి రాయించండి.

ఫారం పేరు ఆర్ఈజీ 195. మీ భాగం మీరు నింపి, వైద్య భాగం డాక్టరుతో నింపించి, డీఎంవీకి పోస్టులో పంపొచ్చు. పర్మనెంట్ ప్లకార్డుకు ఫీజు లేదు. బేసి సంవత్సరం జూన్ 30తో దాని గడువు తీరుతుంది, మళ్లీ రెన్యూవల్. సదరం జోలికి పోవద్దు. ఇక్కడి డాక్టరు సంతకానికి అది బదులు కాదు.

ఆయనకు లైసెన్సు లేకపోయినా, సొంత కారు లేకపోయినా పర్వాలేదు. ప్లకార్డు మనిషిదే కానీ బండిది కాదు. మీ కారులోనైనా, మీ చెల్లెలి కారులోనైనా ఆయన ఎక్కితే వాడుకోవచ్చు. నీలం గుర్తున్న చోటే కాదు, వీధిలో మీటరున్న చోట కూడా డబ్బు కట్టకుండా ఆపుకోవచ్చు. వీల్‌చెయిర్ దిగడానికి వదిలిన చారల గళ్లలో మాత్రం ఎవరూ పెట్టకూడదు.

ఇంకో మాట, కాస్త కటువుగానే చెబుతున్నాను. నాన్నగారిని ఇంట్లో ఉంచి, సరుకులకని మీరొక్కరే వెళ్లి ప్లకార్డు తగిలించారంటే 250 నుంచి 1,000 డాలర్ల దాకా జరిమానా, కేసు ముదిరితే ఆరు నెలల దాకా జైలు. ప్లకార్డుతో వచ్చే రసీదు కూడా ఆయన జేబులో ఉండేలా చూడండి, పోలీసు ఆపితే అడిగేది అదే.