హెలికాప్టర్ ఇంజిన్ కొన్న అల్లుడికి

అల్లుడూ,

మీ అమ్మ పొద్దున్నే ఫోన్ చేసి, "వీడు ఒహాయోలో హెలికాప్టర్ ఇంజిన్ కొన్నాడట్రా, కారుకి పెడతాడట, నువ్వైనా చెప్పు" అంది. తిడదామనే కూర్చున్నాను. నువ్వు పంపిన ఫొటోల్లో నేమ్ ప్లేట్ కనబడేసరికి సగం కోపం దిగిపోయింది. బోయింగ్ టీ50 టర్బైన్ ఇంజిన్. 1960లలో అమెరికా నేవీ జలాంతర్గాముల వేటకు వాడిన డాష్ అనే మనిషి లేని హెలికాప్టర్‌ది. సుమారు 300 హార్స్‌పవర్. మన సైన్యం చేతక్ హెలికాప్టర్ల ఇంజిన్ల మధ్యే ముసలివాణ్ణయిపోయాను కదా, నిజం చెప్పాలంటే కుళ్లుగా ఉంది.

నువ్వు కట్టబోయేది బ్యాట్‌మాన్ కారు, బ్యాట్‌మొబైల్ కదా. 1989 సినిమాలో దాని ముక్కు మీద ఉన్న జెట్ మూతి ఉత్తుత్తిదే. కింద షెవర్లే ఇంపాలా చాసిస్, లోపల మామూలు వీ8 పెట్రోల్ ఇంజిన్. వాళ్లు వేషం వేయించినదాన్ని నువ్వు నిజం చేస్తానంటున్నావు. మా ఇంట్లో టేబుల్ ఫ్యాన్ విప్పి, బిగించాక రెండు స్క్రూలు మిగిలితే జేబులో దాచుకున్నవాడివి నువ్వే కదరా!

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. ఇంజిన్ మూతికి గట్టి జాలీ పెట్టు. పాపని, పాప బొమ్మల్ని, చున్నీలని ఆ దరిదాపులకు రానివ్వకు. టర్బైన్ ఆయిలే వాడు, కారు ఆయిల్ పోయకు. యాక్సిలరేటర్ వదిలితే ఇది పెట్రోల్ బండిలా బండిని పట్టి ఆపదు, పైగా ఐడిల్‌లోనే ముందుకు నెడుతూ ఉంటుంది. అందుకని బ్రేకుల దగ్గర డబ్బు చూసుకోకు. టర్బైన్ చక్రం తిరిగే వరసలో మాత్రం ఎవరి సీటూ ఉండకూడదు. చక్రం పగిలితే ముక్కలు పక్కలకే దూసుకొస్తాయి. చుట్టూ ఉక్కు కవచం వేయించు. సినిమాలోలా వెనక మంటలు చిమ్మించాలని ఉంటే, ఆ కోరిక కంప్యూటర్ బొమ్మల్లో తీర్చుకో.

గేర్‌బాక్స్ కూడా జాగ్రత్త. 1967 ఇండియానాపోలిస్ 500 కార్ల రేసులో పార్నెల్లీ జోన్స్ టర్బైన్ కారు అందర్నీ దాటేసి పోతూ, ఇంకో మూడు నాలుగు ల్యాప్‌ల్లో గెలుస్తుందనగా ఆగిపోయింది. టర్బైన్‌కి ఏమీ కాలేదు, గేర్‌బాక్స్‌లో చవక బేరింగ్ ఒకటి పోయింది.

ఇక నాకు నిద్రపట్టనివ్వనిది స్టార్టింగ్. దీని గురించి ఎంత రాసినా విసుక్కోకు.

నేను పనిచేసిన ఒక చోట నాకు సీనియర్ ఒకాయన ఉండేవాడు. చెయ్యి పెడితే ఇంజిన్ మాట వింటుందని పేరు. ఒక చలికాలం పొద్దున గ్రౌండ్ రన్‌కి, అంటే ఎగరకుండా నేల మీదే ఇంజిన్ నడిపి చూడ్డానికి, ఆయన హెలికాప్టర్ లోపల కూర్చున్నాడు, నేను మంటలార్పే సిలిండర్ పట్టుకుని బయట నిలబడ్డాను. బ్యాటరీ నీరసంగా ఉందని ముందురోజే అనుకున్నాం. బయటినుంచి కరెంటిచ్చే బ్యాటరీ ట్రాలీ తెప్పిద్దామంటే, "దీనికి ట్రాలీ ఎందుకయ్యా" అన్నాడు. స్టార్టర్ తిప్పింది, ఇంధనం అంటుకుంది, ఆర్‌పీఎం మాత్రం కొంత లేచి అక్కడే నిలబడిపోయింది. చక్రం నెమ్మదిగా తిరిగితే లోపలికి గాలి చాలదు. గాలి చాలకపోతే చల్లబరిచేదేదీ ఉండదు, పడుతున్న ఇంధనమంతా బ్లేడ్లనే కాలుస్తుంది. వెనక గొట్టంలోంచి నాలుక చాపినట్టు మంట కనిపించింది. ఇంధనం కట్ చెయ్యమని చేతులు అడ్డంగా ఊపాను. ఆయన గాజులోంచి నన్ను చూసి, ఆగు, పడుతుంది అన్నట్టు అరచెయ్యి చూపించాడు.

పట్టిందిరా. అదే దరిద్రం. ఇంజిన్ అందుకుంది, జేపీటీ, అంటే వెనక గొట్టంలో వేడి చూపించే గేజ్ ముల్లు కిందికి దిగింది, చప్పుడు కూడా బాగానే ఉంది. ఆయన నవ్వుతూ దిగి, లాగ్‌బుక్‌లో మామూలు రన్ అని రాశాడు. ముల్లు ఎర్ర గీత దాటిందా అని అడిగితే, "ముట్టుకుని వచ్చింది" అన్నాడు. నేను వెళ్లి ఆఫీసరుకి చెప్పాను. విప్పి చూస్తే బ్లేడ్ల చివర్లు మాడి కరిగి ఉన్నాయి. మర్నాడు ఆ హెలికాప్టర్‌లో ముగ్గురు ఎగరాల్సింది. ఆయన నాతో మాటలు మానేశాడు. మీ అమ్మ పెళ్లికి వచ్చాడు, మూడుసార్లు గారెలు అడిగి వేయించుకున్నాడు, నన్ను పలకరించకుండానే వెళ్లిపోయాడు. తప్పు ఆయనదే అయినా, ఇప్పటికీ ఆ మనిషి చేతి పనిలాంటిది నేను మళ్లీ చూడలేదు.

నీకూ అలాగే, పడుతుందేమో అనిపిస్తుంది. ఎన్ని నెలలు కష్టపడ్డానో అనిపిస్తుంది. చుట్టూ ఫ్రెండ్స్ ఫోన్లు పట్టుకుని నిలబడి ఉంటారు. అందుకే ముందే కాగితం మీద రాసి డాష్‌బోర్డుకి అంటించు: ఎంత ఆర్‌పీఎం వచ్చాక ఇంధనం, ఎన్ని సెకన్లలో ఐడిల్, ఏ వేడి దగ్గర కట్. అంకెలన్నీ ఆ ఇంజిన్ మాన్యువల్‌లోవే, నీ ఊహలోవి కాదు. ఎడమ చెయ్యి కట్ లివర్ మీదే ఉండాలి. కట్ చేశాక ఇంధనం ఆపి స్టార్టర్‌తో కాసేపు ఉత్తినే తిప్పు, లోపల మిగిలిన కిరోసిన్ బయటికి పోతుంది. అలా తిప్పకుండా వెంటనే రెండోసారి స్టార్ట్ చేశావని తెలిస్తే, ఈ వయసులో వీసా తీసుకుని మరీ వచ్చి కొడతాను.

వీలైతే ముందు డియర్‌బోర్న్ వెళ్లి హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో క్రైస్లర్ టర్బైన్ కారు చూసి రా. 1963 నుంచి అలాంటివి 50 కార్లు మామూలు జనానికి నడుపుకోమని ఇచ్చారు. నాకు వెనక వైపు ఫొటోలు తీసి పంపు.

మొదటి స్టార్ట్ రోజు వీడియో కాల్ చెయ్యి. కెమెరా నీ మొహం మీద కాదు, గేజ్ మీద పెట్టు. దానికంటే ముందు బ్యాటరీ వోల్టేజ్ మెసేజ్ పెట్టు. 24 కన్నా తక్కువుంటే ఆ రోజు కాల్ చెయ్యక్కర్లేదు, ఛార్జింగ్ పెట్టుకుని పడుకో.

మీ మావయ్య