యాప్ క్యాబ్ ఇప్పుడు పాత టాక్సీ బేరంలాగే ఎందుకు అనిపిస్తోంది?
కొత్తలో కంపెనీలు పెట్టుబడిదారుల డబ్బుతో మనకు డిస్కౌంట్లు, డ్రైవర్లకు ఇన్సెంటివ్‌లు ఇచ్చాయి. అవి తగ్గాయి. అందుకే హైదరాబాద్‌లో బుక్ చేయగానే డ్రైవర్ ఫోన్: "ఎక్కడికి సార్? క్యాషా, ఆన్‌లైనా?" ఆన్‌లైన్ అన్నామా, మ్యాపులో బండి కదలదు. మనమే క్యాన్సిల్ చేస్తామని ఎదురుచూస్తుంటాడు. అతన్ని తిట్టీ లాభం లేదు, పికప్ దాకా ఖాళీగా వచ్చే డీజిల్ ఖర్చు చాలావరకు అతనిదే.

2025 జూలైలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రద్దీవేళ ఛార్జీ బేస్ ఫేర్‌కు (మూల ఛార్జీకి) రెండింతలు దాటకూడదు. సరైన కారణం లేకుండా రద్దు చేస్తే ఛార్జీలో 10 శాతం, గరిష్ఠంగా 100 రూపాయలు జరిమానా (డ్రైవర్‌కైనా, మనకైనా). అమలు మాత్రం రాష్ట్రాల చేతిలో ఉంది.

అయినా అర్ధరాత్రి ఎంజీబీఎస్ బస్టాండ్‌లో దిగితే నేను యాప్‌నే తెరుస్తా. బండి నంబరు, వెళ్తున్న దారి ఇంట్లోవాళ్లకు పంపొచ్చు.