అమ్మానాన్నలను జపాన్‌లో రోప్‌వే ఎక్కించాలంటే ఏ నెల మంచిది?

మీ ప్రశ్న ఇది: అమ్మానాన్నలు మే మధ్యలో విజయవాడ నుంచి నగోయా వస్తున్నారు, జూలై చివరి దాకా ఉంటారు. అమ్మగారికి మంచు చూడాలని కోరిక, నాన్నగారికి మోకాళ్ల నొప్పి. రోప్‌వేలో వెళ్లగలిగే కొండ ఏది, ఎప్పుడు వెళ్లాలి, ఆకులు ఎర్రబడే కాలం దాకా వాళ్లను ఉండమనడం మంచిదా అని అడిగారు.

ఉండమననక్కరలేదు. మే ఆఖరి వారంలో శని, ఆదివారాలు కాని ఒక రోజు చూసుకుని, నాగానో ప్రాంతంలోని కొమాగానే ఊరి నుంచి కొమాగాతాకే రోప్‌వేలో సెంజోజికి అనే కొండ లోయకు తీసుకెళ్లండి. మంచు ఉంటుంది, తోపులాట ఉండదు, వానాకాలం ఇంకా మొదలై ఉండదు. ఇక చదవడం ఆపేసినా ఫరవాలేదు. ఎందుకు అంటారా, చెబుతాను.

నేనూ నగోయాలోనే ఉంటాను. మన ఊళ్ల నుంచి చుట్టాలెవరు వచ్చినా వాళ్లను చూపించడానికి తీసుకెళ్లే కొండ ఇదే. అందువల్ల అన్ని కాలాల్లోనూ అక్కడికి వెళ్లే యోగం పట్టింది. కొండ ఎక్కానని చెప్పుకోవడానికి మాత్రం నోరు రాదు. రోప్‌వే పెట్టెలో నిలబడితే అదే పైకి మోసుకెళ్తుంది.

ఈ కొమాగాతాకే రోప్‌వే 1967లో మొదలైంది. కింది స్టేషన్ షిరాబిదైరా 1,662 మీటర్ల ఎత్తులో ఉంటుంది, పై స్టేషన్ సెంజోజికి 2,612 మీటర్ల దగ్గర. జపాన్‌లో ఇంతకంటే ఎత్తయిన స్టేషన్ ఉన్న రోప్‌వే లేదు. ఒక్క ఊపులో 950 మీటర్లు పైకి లేపేదీ ఇదొక్కటే. దానికి పట్టే సమయం ఏడున్నర నిమిషాలు. ఒక్కో పెట్టెలో 61 మంది పడతారు, దాదాపు అందరూ నిలబడే వెళ్లాలి. రెండు పెట్టెలే ఉంటాయి. ఒకటి ఎక్కుతుంటే రెండోది దిగుతుంది, సగం దారిలో ఒకదాన్నొకటి దాటుకుంటాయి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, క్యూల గురించి చెప్పేటప్పుడు మళ్లీ పనికొస్తుంది.

కాలాల విషయంలో చాలామంది ఊరి క్యాలెండరు చూసుకుని బయలుదేరతారు. ఏప్రిల్ అంటే సకురా, అంటే చెర్రీ పూలు, నవంబరు అంటే ఎర్రాకులు. కొండ మీద ఆ లెక్క నడవదు. వంద మీటర్లు పైకి వెళ్తే ఉష్ణోగ్రత సుమారు 0.6 డిగ్రీలు తగ్గుతుంది. కొమాగానే ఊరికీ సెంజోజికికీ మధ్య దాదాపు 1,900 మీటర్ల తేడా ఉంది కాబట్టి కింద 22 డిగ్రీలుంటే పైన 10 డిగ్రీలే అనుకోవాలి. అంటే వసంతం కింద మొదలై మెల్లగా పైకి ఎక్కుతుంది, శరత్తు పైన మొదలై కిందికి దిగుతుంది. కొమాగానేలో కోజెంజి అనే పాత గుడి ఉంది, అక్కడ కొమ్మలు వేలాడే సకురా చెట్లు ఏప్రిల్‌లో పూస్తాయి. ఆ రోజుల్లో తలెత్తి చూస్తే కొండ తెల్లగా గడ్డకట్టి ఉంటుంది. ఆ కొండ మీదా సకురా ఉంది, తకానె జకురా అనే పొట్టి రకం. మంచు కరిగాక జూన్‌లో పూస్తుంది. ఏప్రిల్‌లో రాలేకపోయామే అని మీ వాళ్లు బాధపడితే ఈ మాట చెప్పండి. ఊళ్లో చెట్లంత విరగబూస్తుందని మాత్రం ఆశపెట్టకండి. పొదలాంటి చెట్టు, చిన్న చిన్న పూలు. దగ్గరికి వెళ్లి చూస్తే తప్ప తెలియదు.

ఇక మే నెల. జపాన్‌లో ఏప్రిల్ చివరి నుంచి మే మొదటి వారం దాకా వరస సెలవులు వస్తాయి, ఆ రోజుల్లో అటు పోవద్దు. అవి గడిచాక కొండ ఖాళీ అవుతుంది. స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా గిన్నెలా తవ్వినట్టున్న పెద్ద లోయ కనిపిస్తుంది. దాదాపు 20 వేల ఏళ్ల కిందట హిమానీనదం కొండను గీరి చేసిన లోయ అది. మే ఆఖరికి కూడా అందులో మంచు మందంగానే ఉంటుంది. వేసవిలో జనం నడిచే రాతి బాట ఇంకా దాని కిందే ఉంటుంది కాబట్టి, నాన్నగారు నడవాలా వద్దా అన్న చర్చే రాదు. స్టేషన్ ముందు చదునైన చోటు, పక్కనే చిన్న షింటో గుడి, దాని వెనక నిట్టనిలువుగా 2,931 మీటర్ల హోకెన్ శిఖరం. అమ్మగారు మంచు ముట్టుకోవడానికి పది అడుగులు వేస్తే చాలు. వెనక్కి తిరిగితే లోయకు ఆవల జపాన్ దక్షిణ ఆల్ప్స్ కొండల వరస, గాలి తేటగా ఉన్న ఉదయం ఆ వరస వెనక నుంచి ఫుజి కొన కొద్దిగా తొంగిచూస్తుంది. చాలామంది మంచు వైపే ఫొటోలు తీసుకుని దీన్ని చూడకుండానే దిగిపోతారు.

చలి సంగతికి వస్తే, మన పెద్దవాళ్లు చలి అనగానే స్వెట్టర్లన్నీ ఒకదాని మీద ఒకటి వేసుకుంటారు. అక్కడ ఇబ్బంది పెట్టేది చలి కంటే వెలుతురు. తెల్లటి మంచు మీద ఎండ పడి కళ్లు చీకట్లు కమ్ముతాయి. నల్ల కళ్లద్దాలు తప్పనిసరి. పల్చటి బట్టలు రెండు మూడు పొరలు, పైన గాలి చొరని కోటు, కాళ్లకు జారని బూట్లు చాలు. మా అత్తయ్యగారు చీర మీద కోటు, మేజోళ్లు, బూట్లు వేసుకుని హాయిగా తిరిగారు. చెప్పుల్లో మాత్రం రానివ్వకండి.

ఎత్తు సంగతి తేలిగ్గా తీసుకోకండి. సముద్ర మట్టంతో పోలిస్తే అక్కడ గాలి ఒత్తిడి ముప్పావు వంతుకు కొంచెం తక్కువ. ఇంటి నుంచి తెచ్చిన కారప్పూస పొట్లం పైకి చేరేసరికి బెలూనులా ఉబ్బి, సంచిలోంచి తీస్తే టకటకలాడుతూ ఉంటుంది. మన ఊపిరితిత్తులు ఆ తేడాను అంత స్పష్టంగా చూపించవు గానీ, మెట్లు గబగబా ఎక్కితే ఆయాసం తెలిసిపోతుంది. దిగగానే పావుగంట కూర్చోబెట్టి నీళ్లు తాగించండి. గుండె జబ్బో రక్తపోటో ఉంటే బయలుదేరే ముందే డాక్టరును అడగాలి. పైన తలనొప్పి, వికారం మొదలైతే ఇంకాసేపు చూద్దామని ఆగకుండా తదుపరి పెట్టెలో దిగిపోండి. దిగితే చాలావరకు సర్దుకుంటుంది. ఈ విషయంలో రోప్‌వే గొప్ప సౌకర్యం.

వెళ్లే దారి: నగోయా నుంచి కొమాగానేకు హైవే బస్సు ఉంది, సొంత కారున్నా మంచిదే. అయితే కారు కొమాగానేలోని సుగానోదై బస్టాండు దాకానే. అక్కడి నుంచి షిరాబిదైరా వరకు సొంత వాహనాలను రానివ్వరు, స్థానిక బస్సే ఎక్కాలి. సుమారు అరగంట ఇరుకు మలుపుల ఘాట్ రోడ్డు. తిరుమల ఘాట్‌లో కళ్లు తిరిగేవాళ్లకు ఇక్కడా తిరుగుతాయి. ముందు సీట్లలో కూర్చోబెట్టండి, పొద్దున్న బరువుగా తిననివ్వకండి.

రోప్‌వేలో నిలబడటానికి కింది లోయ వైపు కిటికీ మంచిది. కింద ఒక జలపాతం కనిపిస్తుంది, చెట్లు క్రమంగా పొట్టివవుతూ పోతాయి. తీగను మోసే స్తంభం దాటేటప్పుడు పెట్టె ఒక్కసారి ముందుకూ వెనక్కూ ఊగుతుంది. అందరి నోటా ఒకే అరుపు వస్తుంది, వెంటనే ఒకే నవ్వు. కుర్చీ లేకపోయినా ఏడు నిమిషాలే కాబట్టి మోకాళ్లకు ఇబ్బంది ఉండదు. గోడ వైపు చేరి కమ్మీ పట్టుకోమనండి. స్టేషన్లలో మెట్ల గురించి మాత్రం ముందే ఫోన్ చేసి సహాయం అడిగి పెట్టుకోండి, సిగ్గుపడక్కరలేదు.

జూన్ రెండో వారం నుంచి నెల రోజులకు పైగా వానలు. ఆ రోజుల్లో పైకి వెళ్తే తెల్లటి మేఘం లోపల నిలబడి తెల్లటి మేఘాన్ని చూసి రావాలి. అయినా ఒక్క ఊరట ఉంది. రాయిచో అనే కొండపక్షి డేగల భయం వల్ల ఎండలో కంటే మంచుతెరల్లోనే ఎక్కువగా బయటికి వస్తుంది. చలికాలంలో తెల్లగా, వేసవిలో గోధుమ రంగు మచ్చలతో ఉంటుంది. ఈ కొండల్లో అర్ధ శతాబ్దం కిందటే అంతరించిందనుకున్నారు. 2018లో ఒక ఆడపక్షి ఎక్కడి నుంచో వచ్చి కనిపించింది. దాంతో పర్యావరణ శాఖ 2020లో నోరికురా కొండ నుంచి కొన్ని కుటుంబాలను హెలికాప్టర్‌లో తెచ్చి ఇక్కడ వదిలింది. మనుషులు రోప్‌వేలో, పక్షులు హెలికాప్టర్‌లో! కనిపిస్తే దూరం నుంచే చూడాలి, వెంటపడకూడదు.

మీ వాళ్లు జూలై చివరి దాకా ఉంటున్నారు కాబట్టి, ఓపిక ఉంటే వానలు ఆగాక ఇంకొకసారి వెళ్లండి. మేలో చూసిన చోటే అని గుర్తుపట్టడం కష్టం. మంచు పోయి లోయ నిండా పూలు. పసుపుపచ్చ షినానో కింబై, తెల్లటి హకుసాన్ ఇచిగె గుంపులు గుంపులుగా ఉంటాయి. నాకు ఇష్టమైనది చింగురుమా. తెల్లటి రేకులు రాలిపోయాక పువ్వు మధ్యలోంచి పొడుగాటి నూలుపోగులు మెలితిరిగి లేస్తాయి, మంచు నీటి బొట్లు ఆ పోగుల కొసలకు అంటుకుని ఉంటాయి. మోకాళ్ల మీద వంగితే గానీ కనిపించదు. లోయను చుట్టివచ్చే బాట మామూలుగా ముప్పావు గంట. అంతా రాళ్లు, ఎగుడుదిగుడు మెట్లు. నాన్నగారికి అది వద్దు, స్టేషన్ దగ్గర బల్ల మీద కూర్చున్నా పూలు కనిపిస్తాయి. వేసవిలో నియమం ఒక్కటే, తెల్లవారగానే వెళ్లడం. పది, పదకొండు దాటితే లోయలోంచి మేఘం లేచి కొండను కప్పేస్తుంది, మధ్యాహ్నం పిడుగుల వానలు మామూలే.

మరి ఎర్రాకుల కాలానికి ఎందుకు వద్దన్నాను? అందంగా ఉండదని కాదు. సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో సెంజోజికిలో నానకమాదో ఆకులు ఎర్రగా, దాకెకంబా ఆకులు పసుపుగా, నేలమీద పాకే పైన్ పచ్చగా, మూడు రంగులూ ఒకే లోయలో కనిపిస్తాయి. సంవత్సరంలో ఈ కొండ అందమంతా ఆ పది రోజుల్లోనే. దేశమంతా వచ్చేదీ ఆ పది రోజుల్లోనే. ఇందాక చెప్పిన రెండు పెట్టెల లెక్క ఇప్పుడు తీయండి. బస్సులు వరసగా జనాన్ని దింపుతుంటాయి, పెట్టె మాత్రం 61 మందినే తీసుకెళ్తుంది. చీకటి ఉండగానే సుగానోదైలో బస్సు క్యూ, షిరాబిదైరాలో రోప్‌వే క్యూ, మధ్యాహ్నం దిగడానికి అంతకంటే పెద్ద క్యూ. ఎక్కే క్యూలో ఉత్సాహం ఉంటుంది, దిగే క్యూలో చలి ఉంటుంది. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషిని దాంట్లో నిలబెట్టకండి. వాళ్లు ఇంకో ఏడాది శరత్తులోనే వస్తే అక్టోబరు మధ్యలో రండి. రంగు అప్పటికి షిరాబిదైరా చుట్టుపక్కలకు దిగి ఉంటుంది. పెట్టె కిటికీలోంచి, బస్సు కిటికీలోంచి చూడొచ్చు.

చలికాలంలోనూ నడుస్తుంది గానీ పెద్దవాళ్లతో నేను వెళ్లను. పైన సున్నాకు పది, పదిహేను డిగ్రీలు తక్కువ ఉండటం సాధారణం. స్టేషన్ దాటితే అది పర్వతారోహకుల రాజ్యం, మంచు చరియల ప్రమాదం కూడా ఉంది. చలికాలం అద్భుతమే కావాలంటే ఉత్తరాన యమగతలోని జావో రోప్‌వే ఉంది. ఫిబ్రవరిలో అక్కడి చెట్లు మంచు పేరుకుని రాక్షసుల్లా నిలబడతాయి. ఆ చెట్లలో చాలావాటిని పురుగు తినేసింది, అందుకే ఆ వైభవం మునుపటిలా లేదు.

మీరు ఎంచుకున్న రోజు గాలి బలంగా ఉంటే కొమాగాతాకే రోప్‌వేను ఆపేస్తారు. ఇంటి నుంచి బయలుదేరక ముందే వాళ్ల వెబ్‌సైట్‌లో ఆ రోజు నడుపుతున్నారో లేదో చూడండి. పరీక్షలు, మరమ్మతుల కోసం మూసే రోజులు కూడా అక్కడే వేస్తారు. కొండ మొత్తం మేఘంలో ఉందనుకోండి, నగోయాకు దగ్గర్లోనే మియె ప్రాంతపు గొజైషో రోప్‌వేకు వెళ్లండి. 1,212 మీటర్ల కొండ, 1959 నుంచి నడుస్తోంది. చిన్న పెట్టెలు ఒకదాని వెంట ఒకటి తిరుగుతూనే ఉంటాయి, కూర్చుని వెళ్లొచ్చు, క్యూ త్వరగా కదులుతుంది. దారిలో 61 మీటర్ల తెల్లటి ఉక్కు స్తంభం ఒకటి దాటుతారు. కాకపోతే మేలో అక్కడ మంచు ఉండదు, ఈ మాట అమ్మగారికి ముందే చెప్పి తీసుకెళ్లండి. కింద యునోయామాలో వేడినీటి స్నానాలున్నాయి, నాన్నగారి మోకాళ్లకు హాయిగా ఉంటుంది.