దీపం దగ్గరికి పురుగులు రాకపోతే...

ప్రశ్న: మాది ఉదయగిరి. కొండ కింద రాత్రిపూట దీపం పెట్టి మాత్‌ల (రాత్రుళ్లు తిరిగే, సీతాకోకచిలుకల్లాంటి పురుగుల) జాబితా తయారుచేయాలని మా ఊరి పిల్లల పట్టుదల. దుప్పటి కట్టి ఎల్‌ఈడీ బల్బు పెడితే నాలుగైదు కూడా వాలలేదు. వాలినవాటికి ఫొటోలు తీసినా పేర్లు తేలడం లేదు. లోపం ఎక్కడ?

జవాబు: మొదటి లోపం బల్బుది. మాత్‌లను బాగా లాగేది అతినీలలోహిత కాంతి. ఇళ్లలో వాడే ఎల్‌ఈడీలో అది దాదాపు ఉండదు. చోక్ అక్కర్లేని 160 వాట్ల మెర్క్యురీ బల్బు తెచ్చి, గుడ్డకు అడుగు దూరంలో వేలాడదీయండి. దానివైపు నేరుగా చూడకండి. కాగిన బల్బు మీద చినుకు పడితే పగులుతుంది, పైన రేకు అడ్డం పెట్టండి. గుడ్డ బిగువుగా ఉండాలి, గాలికి కొట్టుకుంటుంటే ఏదీ నిలవదు.

ఇక పంచాంగం చూసుకోండి. వెన్నెల్లో రాక బాగా తగ్గుతుంది. అమావాస్యకు అటూఇటూ, గాలిలేని ఉక్కరాత్రి మేలు. అక్టోబరు, నవంబరు వానల మధ్య తెరిపి దొరికితే వదలొద్దు. సన్నగా ఎరుపు, నలుపు పట్టీలతో ఉండే పేడెరస్ పురుగు ఒంటిమీద వాలితే ఊదేయండి. నలిపితే చర్మం బొబ్బలెక్కుతుంది.

అరగంటకోసారి ఒక్కో రకం ఎన్ని ఉన్నాయో రాయండి. ఆ అంకెలు కూడకండి, ఎక్కువ వచ్చినదే తీసుకోండి. లేచినదే మళ్లీ వాలుతుంటుంది మరి.

పేర్లు తేలకపోవడానికి ముఖ్య కారణం ముందు రెక్కలు మాత్రమే ఫొటో తీయడం. నిమ్మ, బత్తాయి కాయలకు బెజ్జం చేసి రసం పీల్చే యూడోసిమా మాత్ వాలితే ఎండుటాకే. గుర్తు మాత్రం నారింజరంగు వెనక రెక్కలో దాగి ఉంటుంది. అక్కడి నల్లమచ్చ గుండ్రంగా ఉంటే మెటెర్నా జాతి, వంపు తిరిగి ఉంటే ఫలోనియా జాతి. మెత్తటి కుంచెతో ముందు రెక్కను కాస్త జరిపి తీయండి. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, మీసాలు కనబడేలా ఒకటి, పక్కన స్కేలు ఉండాలి. ఫ్లాష్ పొలుసుల రంగు తెల్లబరుస్తుంది, వాలుగా టార్చి వేస్తే చాలు.

శనగపచ్చ పురుగు, పొగాకు లద్దె పురుగుల మాత్‌లు పొలాల నుంచి వస్తాయి, తెలిసినవేగదా అని వదిలేయకండి. బూడిదరంగు చిన్నవాటిలో చాలావాటి జాతి జననాంగాలు పరీక్షిస్తేగాని తేలదు. ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) పేరు దగ్గరే ఆగిపోండి. యాప్ చెప్పిన పేరును నమ్మి రాసుకుంటే జాబితా మొత్తం పాడవుతుంది.

రిజర్వు అడవిలోనైతే అటవీశాఖ అనుమతి తప్పనిసరి. తెల్లవారకముందే దీపం ఆర్పి, గుడ్డను పొదల్లో నెమ్మదిగా దులపండి. ఆలస్యమైతే పిట్టలు ఏరుకు తినేస్తాయి.